పెద్దక్క పాడిన చీటీ

బుల్లెమ్మకి,

నీ పెద్దక్క మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. నీ ఉత్తరం చూశాక ఇంకాస్త బాగుండేవాళ్ళమే, అందులో ఒక్క మాట లేకపోతే. కనక ఆ మాటకే ముందు జవాబు చెబుతున్నాను. తిరుగు టిక్కెట్టు కొనకు.

మిగతావి నిదానంగా రాస్తాను. ఫోనులో మన సంగతి నీకు తెలుసు. నేను 'ఊఁ' అంటాను. నువ్వు 'ఇంకేంటక్కా' అంటావు. నేను మళ్ళీ 'ఊఁ' అంటాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

నీ హాస్టలు పరుపు అట్టముక్కలా ఉందన్నావు. అది విని మీ అన్నయ్య ఊరుకోలేదు. పరుపుల కార్ఖానాలో అక్క అంచులు కుడుతుంటే, ఆ పరుపులు అన్న వ్యానులో ఇల్లిల్లూ చేరవేస్తుంటే, చెల్లెలు అట్టముక్క మీద పడుకోవడమా, మన ఇంటికే తలవంపులని ఒకటే గొడవ. దూది పరుపొకటి వ్యానులో వేసుకుని బయల్దేరతానన్నాడు. మధ్యలో సముద్రం ఉందని మీ వదిన గుర్తుచేసింది. "పరుపేగా, తేలుతుందిలే" అన్నాడు. అది వచ్చేలోపు నువ్వు ఒక పని చెయ్యి. వారానికోసారి తలవైపు కాళ్ళవైపుకి తిప్పు. ఎండ వచ్చినరోజు కిటికీకి ఆనించి నిలబెట్టు. పాత దుప్పటి ఒకటి మడిచి నడుం కింద వచ్చేలా పరుపు అడుగున పెట్టు. పైన కాదు, అడుగున.

నా మోకాలు నయం. కార్ఖానాలో కొత్త మిషను వచ్చింది, తొక్కక్కర్లేదు. పాతదాని చప్పుడుకి అలవాటు పడిన చెవులకి ఇది కుడుతోందో లేదో తెలియడం లేదు. వంగి చూసుకుంటున్నాను. మోకాలు బాగై మెడ పట్టేసింది.

కూరలమ్మే ఆవిడతో వాళ్ళ భాషలోనే బేరమాడి గెలిచావట. బేరం వచ్చిందంటే భాష వచ్చినట్టే. ఈ ఏడంతా భాషకే సరిపోతోందని, నర్సుగా ఇన్నేళ్ళు పనిచేసి వచ్చి పసిపిల్లల్లా అక్షరాలు దిద్దుతున్నానని దిగులుపడ్డావు. అక్షరాలు రాకుండా రోగి బాధ ఎలా తెలుస్తుంది? దిద్దు. క్లాసులో నీ పక్కన కూర్చునే చిన్నపిల్లలంతా నిన్ను అక్కా అంటున్నారని, ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు ఇంటిమీద బెంగపెట్టుకుని ఏడ్చినా నీ గదికే వస్తున్నారని విసుక్కున్నావు. చాలా సంతోషం. పెద్దక్క ఉద్యోగమంటే ఏమిటో ఇప్పుడు తెలిసిందా?

ఇక ఫీజు.

కట్టేశాం. డాక్టరు చదువు మొదటి ఏడాదిది మొత్తం, బ్యాంకునుంచి సూటిగా కాలేజీ ఖాతాకే. మధ్యలో ఏ ఏజెంటు చెయ్యీ తగలలేదు. రసీదు నిన్న వచ్చింది, దాని నకలు ఈ కవరులోనే ఉంది. ఇన్ని నెలలు ఒక్క మాటైనా చెప్పలేదేమని కోప్పడకు. చేతికి అందని దాని గురించి చెప్పడం నాకు రాదు. నేను చెప్పకపోవడం చూసి డబ్బు కుదరలేదని నువ్వే అనుకుని, సీటు వదిలేసి వచ్చేస్తానని రాశావు. అది నా తప్పే. ఇకనుంచి సగం కుదిరినా సగం చెబుతాను.

ఇక్కడ ఒక్క ఏడాదికి అడిగేదాంతో అక్కడ చదువంతా అయిపోతుందని నువ్వు మొదట చెప్పినప్పుడు, చవగ్గా వచ్చే పరుపులో ఏం కూరుతారో తెలిసినదాన్ని గనక నేను భయపడ్డాను. మీ ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు ఆ కాలేజీ గురించి నాలుగుచోట్ల కనుక్కుని, "అమ్మా, చదువు గట్టిదే. తిరిగొచ్చాక ఇక్కడ ఇంకో పరీక్ష రాయాలి, అది మీ చెల్లెలు రాయగలదు" అన్నాకే నాకు నిద్రపట్టింది. ఇక బ్యాంకు వాళ్ళ మెలిక ఒక్కటే మిగిలింది. మొదటి ఏడాది ఫీజు మేమే కట్టి రసీదు చూపిస్తే, ఇల్లు పూచీగా పెట్టుకుని మిగతా ఏళ్ళకి అప్పిస్తామన్నారు. అంటే ఆ మొదటిది దొరికితే అన్నీ దొరికినట్టు. అది లేకపోతే ఏదీ లేనట్టు.

అందుకని నేను చీటీ పాడాను.

నవ్వకు. నిజంగానే పాడాను. నువ్వు డ్యూటీలతో మన కార్ఖానా చీటీపాట ఎప్పుడూ చూడలేదు కనక కాస్త వివరంగా చెబుతాను. వీధిలోని చిన్నాచితకా కొట్లవాళ్ళూ కార్ఖానావాళ్ళూ కలిసి నెలనెలా వేసుకునే చీటీ అది. అవసరమున్నవాళ్ళు 'నేను ఇంత వదులుకుంటాను' అని పాడాలి. ఎక్కువ వదులుకున్నవాళ్ళకి ఆ నెల డబ్బు. వాళ్ళు వదులుకున్నది మిగతావాళ్ళకి పంపకం. నేను ఏనాడూ పాడలేదు. చివరి నెల దాకా ఆగి, పాట లేకుండా మిగిలినది తీసుకోవడం నా అలవాటు.

చీటీ నడిపేది యజమానిగారి భార్య. ఆవిడది ఒకటే నియమం. పాట మొదలైతే నోట్లోంచి అంకె తప్ప మాట రాకూడదు. వస్తే ఆ మనిషికి ఆ నెల పంపకం లేదు. ఒకప్పుడు పాటలో తిట్టుకుని కొట్టుకున్నారట, అప్పట్నుంచి ఈ నియమం.

వానలు మొదలైన రోజులవి. సెలవునాటి మధ్యాహ్నం. కార్ఖానాలో పరుపులు పేర్చిన దొంతరల మధ్య అందరం కూర్చున్నాం. నేను చీటీ పాడతానని ముందురోజు నా పక్క మిషను మీద కుట్టే రేడియోకి మాత్రమే చెప్పాను. రేడియో అంటే గుర్తుందిగా, నిద్రలో కూడా మాట్లాడుతుందని వాళ్ళాయన చెబుతుంటాడు, ఆ మనిషి. ఆమెకొక్కదానికే చెప్పానని అనుకోవడం నా అమాయకత్వం. ఆ సాయంత్రానికే వీధంతా తెలిసింది. వీళ్ళంతా నాకు తెలియకుండా కూడబలుక్కున్నారు. ఈ నెల ఎవరూ నోరు విప్పకూడదు, అక్క ఒకేఒక్క అంకె చెప్పాలి, దాదాపు మొత్తం డబ్బూ పట్టుకుపోవాలి అని.

ఎదురు కొట్లో తాళాలు బాగుచేసే ఆయనకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. రేడియో చెబుతుందిలే అని మీ అన్నయ్య. వ్యాను ఆపుకునేది అక్కడేగా, అతనే చెబుతాడులే అని రేడియో.

పాట మొదలైంది. నేను మనసులో దేవుణ్ణి తలుచుకుని "వెయ్యి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఎవరూ కదల్లేదు. యజమానిగారి భార్య ఎన్నడూ లేనంత తొందరగా "ఒకటోసారి, రెండోసారి..." అంటోంది.

వెనక పరుపుల దొంతర అవతలినుంచి వినపడింది: "మూడు వేలు."

తాళాలాయన గొంతు. అందరి తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. దొంతర అడ్డం, మనిషి కనపడడు. మీ అన్నయ్య లేచి రెండు చేతులూ ఊపుతున్నాడు, ఆయనకి ఏం కనపడుతుంది? రేడియో పమిట కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయనకీ ఏదో అవసరం వచ్చి ఉంటుందనుకున్నాను. కానీ నా అవసరమూ చిన్నది కాదు. "నాలుగు" అన్నాను.

"ఆరు."

"ఏడు."

"పది."

అలా పోయింది, బుల్లెమ్మా. నేను ఒక మెట్టు ఎక్కితే ఆయన రెండు ఎక్కుతాడు. చుట్టూ మనుషులు పళ్ళనొప్పి వచ్చినవాళ్ళలా మొహాలు పెట్టుకుని కూర్చున్నారు. రేడియో నా మోచెయ్యి గిల్లుతోంది. ఎందుకు గిల్లుతోందో నాకు తెలియదు. చివరికి ఒక అంకె దగ్గర ఆగిపోయాను. అంతకన్నా వదులుకుంటే, నేను దాచుకున్నది, మీ అన్నయ్య ఇచ్చేది కలిపినా ఫీజుకి చాలదు. నోరు మూసుకున్నాను. ఆయన ఇంకో అంకె చెప్పాడు.

"ఒకటోసారి. రెండోసారి."

ఆ రెండింటి మధ్యా నేను నిన్నే తలుచుకున్నాను. పెట్టె సర్దుకుని తిరిగొచ్చి మళ్ళీ ఆ రాత్రి డ్యూటీలకే వెళ్ళడం కళ్ళకి కట్టింది. 'ఇదే నీ ఇష్టమైతే సరే, కానీ నాకు నచ్చలేదు' అని దేవుడికి చెప్పాను. ఆయనతో అలా మాట్లాడడం అదే మొదలు.

అప్పుడు రేడియో పేలింది. "ఓ తాళాలాయనా! నీకేమన్నా మతిపోయిందా? అది మా అక్కయ్యా! వాళ్ళ చెల్లెలి డాక్టరు చదువుకి పాడుతోందయ్యా!"

"నీ పంపకం పోయింది" అంది యజమానిగారి భార్య. "మూడోసారి." చెక్క సుత్తి బల్లమీద కొట్టేసింది. నియమం నియమమేగా.

దొంతర వెనకనుంచి ఆయన వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. మొహం మాత్రం తెల్లబోయింది. "ఆ పాడింది మీరా?" అన్నాడు నాతో. "ఏమండీ, మీరు పాటలో నోరు విప్పుతారని నేను కలలో కూడా అనుకోలేదండీ. ఎవరో కొత్తావిడ అనుకున్నాను."

"నీకెందుకయ్యా ఇప్పుడింత డబ్బు? తాళాలు బంగారంతో చేస్తావా?" అన్నాడు మీ అన్నయ్య.

ఆయన దువ్వుకున్న తల మళ్ళీ చేత్తో సవరించుకున్నాడు. "బుల్లెమ్మగారి ఫీజుకే" అన్నాడు. "అక్కగారు ఎవర్నీ అడగరు కదా. పాడి తెచ్చి ఇద్దామని."

అంటే నువ్వే చూడు. ఒకే పిల్ల ఒకే ఫీజు కోసం ఇద్దరం ఒకరి మీద ఒకరం పాడుకుని, సగం డబ్బు గాల్లో కలిపాం. ముందు యజమానిగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇక కార్ఖానా అంతా పరుపుల మీద పడి దొర్లింది. నేను కూడా నవ్వాను. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. నవ్వుకి వచ్చాయో దేనికి వచ్చాయో నేను తేల్చుకోలేదు.

గాల్లో కలిసింది గాల్లో లేదు. తాళాలాయన వదులుకున్నది మిగతా అందరికీ పంపకమేగా. యజమానిగారి భార్య పంచుతోంది, తీసుకున్నవాళ్ళు తీసుకున్నట్టే తెచ్చి నా ఒళ్ళో పడేస్తున్నారు. నేను వద్దంటున్నాను. "నువ్వు మాట్లాడకక్కా, నీకు అలవాటు లేని పని" అన్నారు. రేడియోకి మాత్రం పంపకం లేదు. పాపం ఉత్త చేతులతో నిలబడింది. యజమానిగారి భార్య ఆమె వాటా చేతిలో పట్టుకుని, "నియమం తప్పితే పంపకం పోతుందని ఉంది. అది ఎవరికి పోతుందో ఎక్కడా లేదు" అని, దాన్ని కూడా నా ఒళ్ళోనే వేసింది. "మాట్లాడినందుకు మంచి జరగడం నా జీవితంలో ఇదే మొదటిసారి" అంది రేడియో.

ఆయన తెచ్చి ఇచ్చిన చీటీ డబ్బు, ఒళ్ళో పడ్డ పంపకాలు, మేం దాచుకున్నది కలిపి అలా కుదిరింది. ఆ తర్వాత బ్యాంకు చుట్టూ తిరిగి, డబ్బు దేశం దాటించే కాగితాలు పూర్తి చేసేసరికి ఇన్నాళ్ళు పట్టింది. తాళాలాయన పేరున పాడిన చీటీకి నెలనెలా నేనే కడుతున్నాను. వీధివాళ్ళ పంపకాలు కూడా పేరుపేరునా రాసిపెట్టుకున్నాను, అవీ తీరుస్తాను. ఊరికే ఎవరిదీ తీసుకోలేదు, నువ్వు ఆ బరువు మొయ్యక్కర్లేదు. నా సొంత చీటీ ఇంకా పాడకుండా అలాగే ఉంది. అది నీ పుస్తకాలకీ దారి ఖర్చులకీ.

ఇక నీ ఉత్తరంలో రెండో కారణం. 'ఫీజు దొరికినా సరే, నువ్వొక్కదానివే ఆ ఇంట్లో ఉంటావు. నా కోసం అన్నీ మానుకున్నావు. ఇక చాలక్కా, వచ్చేస్తాను' అని రాశావు. ఆ వాక్యాలు రెండుసార్లు చదివాను. జవాబు రాయడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

అమ్మ పోయాక నిన్ను పెంచడానికి నేను పెళ్లి మానేశానని వీధిలో అంటారు. నువ్వూ అదే నమ్ముతూ పెరిగావు. ఇప్పుడు నిజం చెబుతున్నాను, విను. అప్పట్లో వచ్చిన సంబంధాల్లో నాకు ఒక్కటీ నచ్చలేదు. ఒకాయన నేను మాట్లాడేలోపే నా తరఫున కూడా ఆయనే మాట్లాడేవాడు. ఇంకొకాయన పరుపు గట్టిగా ఉంటే చాలు, మనిషి ఎలా ఉన్నా సరేనన్నాడు. వద్దని చెప్పడానికి మొహమాటం. 'మా చెల్లెలు చిన్నదండీ' అంటే ఎవరూ మారుమాట్లాడేవారు కాదు. నువ్వు నాకు అడ్డు కాలేదే పిచ్చిదానా, సాకు అయ్యావు. అంత మంచి సాకు ఎవరికీ దొరకదు. కనక నువ్వు నాకు ఏమీ బాకీ లేవు.

ఇప్పుడు అసలు సంగతి. చెప్పడానికి నాలుగు పేజీలు తిరిగాను.

ఆ పాట తర్వాత నెలనెలా చీటీ డబ్బు ఇవ్వడానికి తాళాలాయన కొట్టుకి వెళ్ళేదాన్ని. ఆయన వద్దనేవాడు, నేను బల్లమీద పెట్టి వచ్చేసేదాన్ని. అంతే. ఒకరోజు రేడియో అంది: "అక్కా, ఈ వీధిలో మగాళ్ళంతా నిన్ను అక్కా అనే పిలుస్తారు, నెరిసిన గడ్డం యజమానిగారితో సహా. తాళాలాయన వెనకాల అక్కగారంటాడు గానీ, నీ ఎదురుగా ఒక్కనాడన్నా అన్నాడా?"

"అనడా?" అన్నాను.

"ఏమండీ అంటాడు. ఇన్నేళ్ళుగా. గమనించుకో."

గమనించుకున్నాను. నిజమే. పెళ్లయిన కొత్తల్లోనే భార్య పోయి, ఆ ఊసే ఎత్తకుండా కొట్టు మీది గదిలో బతుకుతున్న మనిషి. ప్రార్థనలో దేవుణ్ణి అడిగాను. ఏమీ అనలేదు. వద్దనేవాడైతే ఏదో ఒక రూపంలో అనేవాడు. నా విషయంలో ఆయనకి మొహమాటాలేమీ లేవు.

పోయిన నెల వెనక తలుపు తాళం పట్టేసిందని కబురు చేశాను. ఆయన పెట్టె పట్టుకుని వచ్చాడు. తీశాడు, వేశాడు. మళ్ళీ తీశాడు, వేశాడు.

"ఏమండీ, దీనికేం కాలేదండీ."

"నాకు తెలుసు" అన్నాను.

ఆయన తాళం ఇంకోసారి తీసి వేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మరి?" అన్నాడు.

"రోజూ సాయంత్రం కొట్టు మూసి ఎటు వెళ్ళాలా అని గుమ్మంలో నిలబడతారు. నేనూ ఈ గుమ్మంలో నిలబడతాను. ఇద్దరం ఒక గుమ్మంలోనే నిలబడొచ్చు కదా" అన్నాను. నా జన్మకి అంత పెద్ద వాక్యం అదే.

ఆయన పనిముట్లన్నీ ఒక్కొక్కటే పెట్టెలో సర్దాడు. మూత వేశాడు. "డబ్బు ఇచ్చానని కాదు కదండీ?" అని అడిగాడు.

"డబ్బు నెలనెలా తిరిగి కడుతున్నాను" అన్నాను. "మిగతాది కట్టే ఉద్దేశం లేదు."

అప్పుడు నవ్వాడు. ముందు పన్ను ఒకటి లేదు. నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

మీ అన్నయ్యకి చెప్పాను. వెంటనే వీధి దాటి వెళ్ళి "బావా!" అని అరిచాడు. ఆయన వెనక్కి తిరిగి చూశారట, ఎవర్ని పిలుస్తున్నాడోనని. మీ వదిన నా చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. ఇక రేడియో సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం నిన్ను చేరేలోపు ఆమె గొంతే చేరుతుందేమోనని నా భయం.

నీకు చివర చెబుతున్నందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ అందరికీ చెప్పాను. నిన్ను మాత్రం అడుగుతున్నాను. నేను పెంచినదానివే అయినా, నా తరఫు పెద్ద అంటే ఇప్పుడు నువ్వే. యాభై దాటిన పెళ్లికూతుర్ని చూసి నవ్వొస్తే నవ్వు, కానీ సరేనని రాయి.

హడావిడి ఏమీ వద్దనుకున్నాం. రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలు, వచ్చి కార్ఖానాలో అందరికీ భోజనాలు. సాక్షిగా నీ సంతకమే ఉండాలన్నాను. ఆయన ఒప్పుకున్నారు. నువ్వు భాష ముగించి, కాలేజీలో చేరి, మొదటి ఏడాది పరీక్షలు రాసి, పెద్ద సెలవులకి వచ్చిన రోజునే పెళ్లి. అంతదాకా ఎవరి గుమ్మం వాళ్ళదే.

ఒక్క సంగతి. ఏదైనా సబ్జెక్టు పోతే సెలవుల్లో అక్కడే ఉండి మళ్ళీ రాయాలని నువ్వే చెప్పావు. అప్పుడు నా పెళ్లి ఇంకో ఏడాదికి పోతుంది. ఆయన ఓపికున్న మనిషి, ఏమీ అనరు. వీధి అలా కాదు. మీ అన్నయ్య భోజనాలకి మెనూ కూడా రాసేశాడు. నీ పరీక్షలు ఎప్పుడని రేడియో ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

లే, వెళ్ళి చదువుకో.

ఇట్లు,
నీ మార్కుల కోసం పెళ్లి ఆపుకుని కూర్చున్న
మీ పెద్దక్క